లవోన్ పిస్టల్ మొరాయించిన వేసవి

ఏప్రిల్ ఆఖర్లో ఒకరోజు పొద్దున్న లవోన్ కాఫీ కప్పు బల్ల మీద పెట్టి, "ఈ ఏడు నేను మళ్ళీ పిస్టల్ పోటీలకి వస్తాను రోలీ," అంది.

రొట్టెకి వెన్న రాసుకుంటున్నవాణ్ణి ఆగిపోయాను. మా ఆవిడకి క్యాన్సరు మందు ఎక్కించడం ఆపి అప్పటికి ఏడు నెలలు. జుట్టు తిరిగొచ్చింది. ఆకలి తిరిగొచ్చింది. జనవరి నుంచి మళ్ళీ స్కూలు బస్సు నడుపుతోంది, ఇరవై రెండేళ్ళుగా నడిపిన ఆరో నంబరు రూటే. తిరిగి రానిదల్లా వేళ్ళ కొసల్లో స్పర్శ. చొక్కా బొత్తాలు పెట్టుకోవాలంటే వేళ్ళవంక చూసుకుంటూ పెట్టుకోవాలి. దానికి తోడు చలికాలంలో కంటి శుక్లం తీసి కొత్త అద్దం వేశారు. ఊరవతల నీళ్ళ ట్యాంకు మీద పెచ్చులూడిన రంగు కూడా కనిపిస్తుంది గానీ, చేతి పొడవులో ఉన్నదేదైనా మసకే.

"పిస్టల్ మీద గురి ముల్లు కనపడదు కదా నీకు?" అన్నాను.

"అందుకే రెడ్ డాట్ పెట్టించుకుంటాను. మన క్లబ్బులో థోరాకి ఎనభై ఒకటి, ఆవిడే పెట్టుకుంది. చిన్న అద్దంలో ఎర్ర చుక్క వెలుగుతుందిట. దాన్ని పలక మీద నిలిపి ట్రిగ్గరు నొక్కడమే. ముల్లూ లేదు, గాడీ లేదు."

"ఇంకొకళ్ళ చేత పెట్టించుకోవడం దేనికి? నేను లేనూ?"

"నువ్వున్నావనేగా అడుగుతున్నా," అని నవ్వింది.

పొలాల్లో నీళ్ళు చిమ్ముతూ గుండ్రంగా తిరిగే పెద్ద యంత్రాలుంటాయే, వాటి గేరుబాక్సులు చేసే కంపెనీలో ముప్పై మూడేళ్ళు పనిచేశాను. అంగుళంలో వెయ్యో వంతు తేడా వస్తే నా వేలికి తెలిసిపోతుందని మా ఫోర్‌మన్ కొత్తవాళ్ళకి చెప్పేవాడు. నేనూ నమ్మాను ఆ మాట. మా ఊళ్ళో ఎవరి కుట్టుమిషను ఆగినా, ఎవరి నీళ్ళ పంపు మూలిగినా నన్నే పిలుస్తారు. వెళ్తాను, చూస్తాను, ఇదీ సంగతని చెప్పేస్తాను. తొందరగా చెప్పేస్తానని నాకు పేరు.

ఆ ఆదివారం మధ్యాహ్నం గ్యారేజిలో కూర్చుని ఆ రెడ్ డాట్ సైటు బిగించాను. అగ్గిపెట్టెంత ఉంది. రెండు బుల్లి స్క్రూలతో పిస్టల్ స్లైడు మీద, అంటే పేలినప్పుడల్లా వెనక్కీ ముందుకీ కదిలే పైభాగం మీద, కూర్చుంటుంది. ఒక స్క్రూ బిగించాను. రెండోది వేళ్ళ మధ్య నుంచి జారి, నేల మీద టింగుమని ఎగిరి, లేత్ మిషను కిందికి దొర్లిపోయింది. అయస్కాంతం కట్టిన పుల్లతో పది నిమిషాలు వెతికాను. దొరకలేదు. నా డబ్బాలోంచి అదే మరతో ఉన్న నల్ల స్క్రూ ఒకటి తీసి బిగించాను. చక్కగా పట్టింది. ఊడకుండా జిగురు చుక్క కూడా వేశాను.

"ఇదిగో," అన్నాను వంటింట్లోకొచ్చి. లవోన్ కిటికీలోంచి దూరంగా ఉన్న కంచె గుంజకి గురిపెట్టి చూసింది.

"అబ్బ, ఎంత బాగా కనిపిస్తోందో! కానీ ఒకటే గంతులేస్తోంది రోలీ, ఈ చుక్క."

"చెయ్యి వణికితే గంతులేస్తుంది మరి," అన్నాను. అది మామూలుగా అన్న మాటే. ఆ మాట ఆవిడ లోపలికి వెళ్ళి కూర్చుందని నాకు తెలియదు.

మా క్లబ్బు ఊరికి నాలుగు మైళ్ళ దూరంలో, కంకర తవ్వి వదిలేసిన గోతిలో ఉంది. మే నుంచి సెప్టెంబరు దాకా నెలకి రెండు శనివారాలు పోటీ. తెల్ల రంగు కొట్టిన ఉక్కు పలకలు అయిదు నిలబెడతారు. టైమరు బీప్‌మనగానే అయిదింటినీ కొట్టాలి. అలా అయిదు సార్లు. అన్నిటికన్నా ఆలస్యమైంది తీసేసి మిగతా నాలుగింటి సెకన్లూ కలుపుతారు. మా బోటివాళ్ళు కాల్చేది పాయింట్ ట్వంటీటూ పిస్టళ్ళు. బుల్లి తూటా, తక్కువ చప్పుడు, కుదుపు లేనట్టే లెక్క. జబ్బు చెయ్యకముందు లవోన్ నాకన్నా ఎప్పుడూ రెండు మూడు సెకన్లు ముందే ఉండేది.

మే నెల మొదటి పోటీలో ఆవిడ నిలబడి కాల్చే గీత మీదికి రాగానే అందరూ చప్పట్లు కొట్టారు. పోటీ నడిపే గ్లెన్ టైమరు ఎత్తి పట్టుకుని, "రెడీనా లవోన్?" అన్నాడు. బీప్‌మంది. టంగ్. టంగ్. మూడో పలక దగ్గర పిస్టల్ మూగబోయింది. ఖాళీ తూటా బయటికి ఎగిరిపడకుండా స్లైడు సందులో ఇరుక్కుని నిటారుగా నిలబడింది, ఇంటి కప్పు మీద పొగగొట్టంలాగా.

దాన్ని దులిపేసి మళ్ళీ మొదలెట్టింది. నాలుగోదానికి మళ్ళీ పొగగొట్టం.

ఆ రోజు ఇరవై అయిదు సార్లలో ఏడు సార్లు ఇరుక్కుంది. చివరికొచ్చేసరికి చప్పట్లు కొట్టినవాళ్ళంతా బూట్ల వైపు చూసుకుంటున్నారు.

"ఏంటి లవోన్, ఒక్కో తూటాకి ఒక్కో ప్రార్థన చెయ్యాలా దానికి?" అన్నాడు డెల్బర్ట్. పశువుల దాణా అమ్ముతాడు. ఎవరి పిస్టల్ ఆగినా అతనికి పండగే.

"నువ్వు చేసిపెట్టు, నీ ప్రార్థనలు వింటాడు దేవుడు. నోరు పెద్దదిగా," అంది లవోన్. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. కానీ ఇంటికొచ్చేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

అప్పుడు మొదలైంది నా తపస్సు. గ్యారేజి వదిలితే ఒట్టు. సమస్య ఏమిటో నాకు అరక్షణంలో తెలిసిపోయిందనుకున్నాను. చిన్న తూటాకి బలం తక్కువ, సైటు బరువు స్లైడు మీద పడింది, అందుకని స్లైడు పూర్తిగా వెనక్కి పోవట్లేదు. సరే, జోరుగా ఉండే తూటాలు తెచ్చాను. కాస్త తగ్గింది, పోలేదు. వేరే రకం తెచ్చాను. ఇంకా పెరిగింది. మొత్తం ఏడు రకాలు ప్రయత్నించాను. తూటాల డబ్బాలు పెట్టడానికి బల్ల మీద చోటు లేక ఉతికే మిషను మీద పేర్చాను.

తర్వాత స్ప్రింగు మీద పడ్డాను. మెత్తటిది తెప్పించి వేశాను. తూటాలు నింపే మ్యాగజైన్ల అంచులు నున్నగా రుద్దాను. గొట్టం వెనక తూటా కూర్చునే చోటు ఇత్తడి బ్రష్షుతో తోమాను. గ్లెన్ నూనె ఎక్కువ వెయ్యమన్నాడు, వేశాను. డెల్బర్ట్ అసలు నూనే వెయ్యొద్దన్నాడు, అదీ చేశాను. ఒకరోజు పిస్టల్ నిండా మసి, ఒకరోజు నిండా నూనె. ఒక్కోసారి నలభై తూటాలు జలజలా పేలేవి. హమ్మయ్య అని భుజాలు దించుకునేలోపు నలభై ఒకటోది నిలబడి నన్ను చూసేది. దాన్ని తీసి గోడకేసి కొట్టాలనిపించేది. ఒకసారి సుత్తి తీసి గోడకేసి కొట్టాను కూడా. ఆ గుంట ఇప్పటికీ ఉంది.

"వదిలెయ్యి రోలీ. నేను ఆ చుక్క తీసేసి గుడ్డిగా కాలుస్తాలే," అనేది లవోన్ తలుపు దగ్గర నిలబడి.

"వదిలెయ్యడానికి ఇదేమన్నా గాలానికి పడ్డ చేపా? ఇనుము. ఇనుముకి కారణం ఉంటుంది."

జూన్ రెండో వారంలో కారణం దొరికిందనుకున్నాను. గోతిలోకి ఇద్దరమే వెళ్ళాం. నేను రెండు వందలు కాల్చాను, నాలుగు ఇరుక్కున్నాయి. లవోన్ రెండు వందలు కాల్చింది, ఇరవై మూడు. అదే పిస్టల్, అవే తూటాలు, అదే ఎండ.

నిజానికి ఇందులో లెక్క తప్పేం లేదు. పిస్టల్ పేలినప్పుడు పట్టుకున్న చెయ్యి గట్టిగా నిలబడకపోతే స్లైడు వెనక్కి పోయే ఊపు చేతిలోనే కరిగిపోతుంది. అది ఎవరైనా చెప్తారు. బాగున్న పిస్టల్ ఆ మాత్రం తేడాని ఓర్చుకుంటుంది, అసలే అంతంతమాత్రంగా నడుస్తున్న పిస్టల్ ఓర్చుకోదు. ఈ రెండో ముక్క నాకు అప్పుడు తట్టలేదు. తట్టనివ్వలేదు.

ఆ శనివారం పోటీలో మళ్ళీ అదే తంతు. లవోన్ నాలుగోసారి ఆగిపోయి పిస్టల్ కింద పెట్టగానే డెల్బర్ట్ నా వైపు తిరిగాడు. "ఏవయ్యా రోలీ, ఊరందరి పంపులూ బాగుచేస్తావు. పెళ్ళాం పిస్టల్ మాత్రం నీకు లొంగట్లేదే?"

పన్నెండు మంది ఉంటారు అక్కడ. నాకు చెవులు మండిపోయాయి.

"పిస్టల్‌కేం లేదు," అన్నాను. "నా చేతిలో బాగానే నడుస్తోంది. ఆవిడ మణికట్టు నిలవట్లేదు. మందుల మూలంగా చేతుల్లో పట్టు పోయింది."

  గ్లెన్ పలకలకి రంగు కొట్టాలంటూ డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. లవోన్ పిస్టల్‌ని గుడ్డతో తుడిచింది. ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసింది. పెట్టెలో పెట్టి జిప్పు లాగింది. ఆ జిప్పు కొస చేతికి తెలియక మూడుసార్లు జారింది. నేను సాయం చెయ్యబోతే పెట్టె అటు తిప్పుకుంది.

జూలై అంతా మా ఇంట్లో ఒక చప్పుడు. ఫిజియోథెరపీ ఆవిడ ఇచ్చిన రబ్బరు బంతి నొక్కుతుంటే వచ్చే కీచు చప్పుడు. వంట చేస్తూ ఒక చేత్తో, టీవీ చూస్తూ రెండో చేత్తో నొక్కేది. అరచేతిలో పొక్కులు లేచాయి, వాటి మీద పట్టీ వేసుకుని మళ్ళీ నొక్కేది. ఆ నెల ఒక పోటీకి వచ్చింది, రెండోదానికి రానంది. నేనొక్కణ్ణే వెళ్ళాను. నా పిస్టల్ ఎప్పట్లానే ఆగకుండా పేలింది. ఆ రోజు అది నాకు సిగ్గుగా అనిపించలేదు, అదే చిత్రం.

నెలాఖర్లో ఒక పొద్దున్న గుడ్లు వేయిస్తూ వెనక్కి తిరక్కుండా అంది:

"ఆర్లీన్‌కి ఉత్తరం ఇచ్చొచ్చాను."

ఆర్లీన్ స్కూలు బస్సుల ఆఫీసు చూస్తుంది.

"ఏం ఉత్తరం?"

"రూటు వదిలేస్తున్నానని. పాయింట్ ట్వంటీటూ పిస్టల్‌ని పట్టుకోలేని చేతులు, రోలీ. ముప్పై ఎనిమిది మంది పిల్లలుంటారు ఆ బస్సులో. కంకర రోడ్డు మీద ఎప్పుడైనా లేడి అడ్డం వస్తే?"

"జనవరి నుంచి మే దాకా నడిపావుగా. ఏం కాలేదుగా."

"అదృష్టం అనుకుంటున్నా ఇప్పుడు."

గుడ్లు పళ్ళెంలో వేసి నా ముందు పెట్టింది. నా మొహంలోకి చూస్తూ నిలబడింది. ఏదో ఒకటి నేను అనాలని చూస్తోందని తెలుసు. వద్దు, తీసుకో ఆ ఉత్తరం వెనక్కి, అనాలని.

"మంచిదేలే," అన్నాను. "జాగ్రత్త మంచిది. నేనూ అదే అనుకుంటున్నా."

"అలాగా," అంది.

ఆగస్టు మొదటి శనివారం పోటీకి నేను అడగలేదు, తనే వచ్చి ట్రక్కులో కూర్చుంది. కాల్చడానికి కాదు, థోరాతో కబుర్లకంది. పిస్టల్ తెచ్చుకోలేదు. థోరా అప్పటికే గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. మనిషి ఎండిపోయిన కందికట్టెలా ఉంటుంది. చేతి వేళ్ళు కీళ్ళవాతంతో వంకర్లు తిరిగి ఉంటాయి. ఒక్కో పలకకీ తాపీగా, పిచ్చుకలకి గింజలు వేస్తున్నట్టు కాలుస్తుంది. ఎప్పుడూ ఆఖరే వస్తుంది. ఎప్పుడూ ఆగదు.

నేను నా వంతు ముగించుకుని వచ్చేసరికి గీత మీద లవోన్ నిలబడి ఉంది. చేతిలో థోరా పిస్టల్.

"నాకొద్దండీ, మీదీ పాడు చేస్తాను," అంటోంది.

"ఏడిసినట్టుంది. కాల్చు," అంటోంది థోరా.

"చుక్క ఒకటే వణుకుతోంది."

"నాది వణకదనుకున్నావా? అందరిదీ వణుకుతుంది తల్లీ. ఆ బుల్లి అద్దం దాచదు, అంతే. చుక్కని చూడకు. పలకని చూడు. చుక్క దాని మానాన అదే వస్తుంది."

లవోన్ కాల్చింది. అయిదూ టంగుమన్నాయి. మళ్ళీ అయిదు. గ్లెన్ మ్యాగజైన్లు నింపి అందిస్తున్నాడు. యాభై తూటాలు. ఒక్కటి ఇరుక్కోలేదు. ఒక్కటంటే ఒక్కటి.

ఇంటికొస్తూ ట్రక్కులో మొక్కజొన్న చేలు రెండు మైళ్ళు దాటాక అంది: "థోరా పిస్టల్ ఆగలేదు రోలీ."

"చూశాను. అది బరువైన పిస్టల్. వదులుగా పట్టుకున్నా నడుస్తుంది." నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది. నాకు జవాబు తెలియని క్షణం ఒకటి ఉంటుందని నా నోటికి తెలియదు.

"అలాగా," అంది మళ్ళీ.

కానీ నాకు కుదురు లేకుండా పోయింది. భోజనం కూడా చెయ్యకుండా గ్యారేజిలోకి వెళ్ళి ఆవిడ పిస్టల్ విప్పాను. ఈసారి సైటు కూడా ఊడదీశాను. మే నుంచి దాన్ని ముట్టుకోలేదు. దాన్ని బిగించింది నేను కాబట్టి, అక్కడ తప్పుండటానికి వీల్లేదు కాబట్టి.

స్లైడులో ఒక పక్కన ఖాళీ తూటాని పట్టి లాగే చిన్న కొక్కెం ఉంటుంది. దాన్ని వెనక నుంచి నెట్టి పట్టే పిన్ను ఒకటి సన్నటి సొరంగంలో కదులుతూంటుంది. లైటు వేసి చూస్తే ఆ పిన్ను మీద వెండిలా మెరిసే గీత. ఏదో రోజూ ఒరుసుకుంటోంది. పైనుంచి, స్క్రూ కన్నంలోంచి.

నల్ల స్క్రూ తీసి వెర్నియర్ కొలబద్దతో కొలిచాను. సైటుతో వచ్చిన మొదటి స్క్రూని కొలిచాను. నాది ఒక మిల్లీమీటరు పొడుగు. ఆ మిల్లీమీటరు సొరంగంలోకి దిగి పిన్నుని నొక్కిపెట్టింది. అందుకని కొక్కేనికి పట్టు లేదు. పట్టు పోయింది ఆ కొక్కేనికి, లవోన్ చేతికి కాదు.

కుర్చీలో కూలబడ్డాను.  తర్వాత లేచి, స్క్రూ కొస ఆకురాయితో అరగదీసి, పొడుగు సరిచేసి, మళ్ళీ బిగించాను. అయిదు నిమిషాల పని. మే, జూన్, జూలై, అయిదు నిమిషాలు.

ఆదివారం లవోన్‌ని బతిమాలి గోతిలోకి తీసుకెళ్ళాను. నూట యాభై కాల్చింది. మొదటి ముప్పై పేలేదాకా ఊపిరి బిగబట్టి కాల్చింది, తర్వాత మెల్లిగా భుజాలు దిగాయి, తర్వాత నవ్వడం మొదలెట్టింది. ఒక్కటీ ఆగలేదు.

"ఏం చేశావు దీన్ని?"

ఇదిగో ఇక్కడ చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

"స్ప్రింగు," అన్నాను. "ఇంకో రకం వేశాను."

"అయితే నా చేతుల తప్పేం లేదా?"

"రెండూ కొంచెం కొంచెం. నువ్వు బంతి నొక్కుతున్నావుగా, పట్టు కూడా పెరిగింది."

తన చేతుల్ని తిప్పి చూసుకుంది. "ఓహో," అంది.

ఆర్లీన్ ఆ ఉత్తరాన్ని సొరుగులో పెట్టిందనీ, గురువారం స్కూలు బోర్డు కూర్చునేదాకా పైకి పంపనందనీ, మనసు మారితే ఒక్క ఫోను చాలందనీ లవోన్ నాకు సోమవారం చెప్పింది. చెప్పి, "ఏమంటావు?" అని అడిగింది. ఇంకోసారి అడిగింది నన్ను. నేను పచ్చిక కోసే యంత్రానికి బ్లేడు మారుస్తున్నాను. "నీ ఇష్టం," అన్నాను తల ఎత్తకుండా. మంగళవారం చెబుదామనుకున్నాను. బుధవారం వాన పడింది, ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం, చెప్పలేదు. గురువారం పొద్దున్న ఫోను దగ్గర నిలబడి కాసేపు వేలితో గోడ మీద గీతలు గీసి, తనే వెళ్ళిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం పీచు పండ్లు పెట్టి పై అనే తీపి రొట్టె కాల్చింది. పెద్ద ముక్క కోసి నా ముందు పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసింది.

"వేసవంతా దాన్ని పట్టుకు వేలాడావు. నా మీద నాకే నమ్మకం పోయింది గానీ నువ్వు మాత్రం ఆ పిస్టల్‌ని వదల్లేదు. థాంక్స్ రోలీ."

రొట్టె వేడి మొహానికి కొడుతోంది. ఫోర్కు పక్కన పెట్టాను.

"స్ప్రింగు కాదు," అన్నాను. "స్క్రూ. నేను పెట్టిన స్క్రూ. మిల్లీమీటరు పొడుగైంది. మొదటి రోజు నుంచీ అదే. నీ చేతులకేం లేదు."

భుజం మీద నుంచి చెయ్యి తీసేసింది. ఎదురు కుర్చీలో కూర్చుంది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"శనివారం."

"మొన్న శనివారమా?"

"ఆఁ."

"ఇవాళ శుక్రవారం," అంది లవోన్.

 లేచి, రొట్టె మీద గుడ్డ కప్పింది. గోడ దగ్గరికెళ్ళి ఆర్లీన్‌కి ఫోను చేసింది. ఆర్లీన్ గొంతు నాకు సన్నగా వినిపిస్తూనే ఉంది. నిన్న సాయంత్రమే కొత్తాయన్ని తీసుకున్నారుట. పక్క జిల్లాలో లారీ నడిపినవాడుట. కావాలంటే అత్యవసరానికి పిలిచే డ్రైవర్ల జాబితాలో పేరు రాసుకుంటానంది. "రాసుకో," అంది లవోన్. "ఎనిమిది వరసల్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారో ఆయనకి రాసిస్తాను. కవలల్ని పక్కపక్కన కూర్చోబెట్టొద్దను. కొట్టుకుంటారు."

ఫోను పెట్టేసి బయటికి వెళ్ళింది. తోటలో టమాటా మొక్కలకి కర్రలు కట్టింది. చీకటి పడకముందే కట్టడానికి కర్రలు అయిపోయాయి. అయినా అక్కడే ఉంది.

మర్నాడు నా గ్యారేజిలోంచి తన పిస్టల్, బ్రష్షులు, నూనె సీసా తీసుకెళ్ళి కుట్టుమిషను గదిలో పెట్టుకుంది. నా వెర్నియర్ కూడా. అడిగి తీసుకోలేదు. 

స్కూళ్ళు తెరిచిన రోజు పొద్దున్న ఏడుంబావుకి పసుపు బస్సు మా మలుపులో తిరిగింది. లవోన్ అంట్లు తోముతోంది. నీళ్ళు ఆపి విన్నది.

"బ్రేకు ఆలస్యంగా వేస్తున్నాడు," అంది. మళ్ళీ నీళ్ళు తిప్పింది.

సెప్టెంబరులో ఆఖరి పోటీ. ఆ రోజు గడ్డి మీద మంచు తడి, అందరూ కోట్లు వేసుకొచ్చారు. లవోన్ ఆగకుండా ఇరవై అయిదు సార్లూ కాల్చింది. జబ్బుకి ముందున్నంత వేగం లేదు. రెండు పలకలు తప్పిపోయాయి. కానీ ఎక్కడా చెయ్యి ఎత్తి "ఆగింది" అనలేదు. థోరా కుర్చీలో కూర్చునే కర్రతో నేల మీద కొట్టింది చప్పట్లకి బదులు.

డెల్బర్ట్ నా వీపు చరిచాడు. "మొత్తానికి సాధించావురా ముసలోడా! ఏంటి కిటుకు?"

"సాధించడం కాదు. చెడగొట్టింది నేనే," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినపడింది. "తప్పు స్క్రూ వేశాను. వేసవంతా ఆవిడ చేతుల్ని అన్నాను, ఇక్కడే నిలబడి, మీ అందరి ముందూ. ఆవిడ చేతులకేం లేదు. మే నెల నుంచీ ఏం లేదు."

గ్లెన్ గొంతు సవరించుకున్నాడు. డెల్బర్ట్ టోపీ సర్దుకున్నాడు. లవోన్ బల్ల దగ్గర మ్యాగజైన్లు నింపుకుంటోంది. వెనక్కి తిరగలేదు. కానీ ఒక తూటా చేతిలో అలాగే పట్టుకుని కాసేపు ఆగింది. తర్వాత దాన్ని కూడా లోపలికి నొక్కింది.

తిరిగొచ్చేటప్పుడు ట్రక్కు తనే నడిపింది. కంకర రోడ్డు దాటి తారు రోడ్డు ఎక్కాక అంది:

"వాళ్ళకి చెప్పడం సులువే, రోలీ. నాకు శనివారం చెప్పాల్సింది."

"అవును," అన్నాను.

ఆ తర్వాత ఇంటిదాకా రేడియోలో వాతావరణం విన్నాం.

నవంబరు రెండో వారంలో ఒకరోజు తెల్లవారుతుండగా ఫోను మోగింది. ఆర్లీన్. ఆరో నంబరు ఆయనకి జ్వరం, ఇంకెవరూ దొరకట్లేదు, బయట మంచు పడుతోంది. లవోన్ "వస్తున్నా" అని పెట్టేసి, ఉన్ని చేతితొడుగులు వేసుకుని, తీసేసి, తోలువి వేసుకుంది. నేను ట్రక్కు దాకా వెళ్ళొచ్చి, కిటికీ దగ్గర నిలబడి రోడ్డు చూశాను. రోడ్డు ఎలా ఉందో, ఏ మలుపులో ఏ గేరు వెయ్యాలో చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. ఆవిడ తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది, ఏమైనా అంటానేమోనని.

"ట్రక్కు మీద మంచు గీకేశాను," అన్నాను.

తల ఊపి వెళ్ళింది.

ఏడుంబావుకి బస్సు మా మలుపు దగ్గరికొచ్చింది. చాలా ముందునుంచే మెల్లిగా, బరువుగా వేగం తగ్గింది, చక్రాలు ఎక్కడా జారలేదు, తిరిగి, ఎర్ర లైట్లు వెలిగించుకుని పక్కింటి గేటు ముందు ఆగింది. తలుపు తెరుచుకుంది. లోపల్నుంచి పిల్లలు ఒక్కసారిగా ఆవిడ పేరు పెట్టి అరుస్తున్న గోల మంచులోంచి మా వంటింటిదాకా వచ్చింది.